రంగం వెళ్ళిన పటాలాలు: మొదటి బర్మా యుద్ధం (1824–1826), తెలుగు సిపాయిలు, మన కుటుంబ చరిత్రలు

కోస్తా జిల్లాల సంఘాలలో వృద్ధులతో కూర్చొని వారి కుటుంబ వృత్తాంతములు అడిగినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మా ముత్తాత రంగం పోయినాడు." రంగం అనగా రంగూను. ఎందుకు పోయినాడు అని అడిగితే కొందరు కూలికి అంటారు, కొందరు పటాలంలో అంటారు, మరికొందరికి తెలియదు. సంఘ చరిత్ర వ్రాయు కాపరి ఈ మాటను యథాతథంగా తన నోటుపుస్తకంలో వ్రాసుకొని ముందుకు సాగిపోతాడు. ఆ మాట వెనుక ఏముందో ఎలా వెదకవచ్చునో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇందునిమిత్తం ఒక్క యుద్ధాన్ని మాత్రమే తీసుకుంటున్నాను. అది 1824 నుండి 1826 వరకు తూర్పు ఇండియా కంపెనీకి, అవా రాజ్యానికి మధ్య జరిగిన మొదటి బర్మా యుద్ధం. మన పాఠ్యపుస్తకాలలో దీనికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. అయితే ఆ యుద్ధానికి సముద్రం దాటి వెళ్ళిన సేనలో అధిక భాగం మద్రాసు సైన్యమే. ఆ సైన్యంలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో ఉండేవారు.

సముద్రం దాటిన సైన్యం

కంపెనీకి బెంగాలు, మద్రాసు, బొంబాయి అని మూడు వేరు వేరు సైన్యాలుండేవి. మద్రాసు సైన్యపు సిపాయిలు ముఖ్యంగా ముస్లింలు, తెలుగువారు, తమిళులు. ఇంగ్లీషువారి వ్రాతలలో తెలుగువారు "గెంటూలు" అనియు, "తెలింగాలు" అనియు కనబడతారు. ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని, అతడు ఏ దేశస్థుడైనా సరే, "తిలంగా" అని పిలిచే వాడుక చాలాకాలం నిలిచింది. దక్షిణం నుండి వెళ్ళిన తొలి సిపాయిలను బట్టి వచ్చిన పేరది. తెలుగువాడు తన పేరును ఒక వృత్తికే ఇచ్చివచ్చాడన్నమాట. ఈ విషయం మన చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు.

ఉత్తర సర్కారులలోని సిపాయిలు సముద్రయానానికి ఎప్పుడూ తలయొగ్గినవారని అనుకోరాదు. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణంలో హైదరాలీపై యుద్ధానికి మద్రాసు వెళ్ళుటకు ఓడ ఎక్కమన్నప్పుడు అక్కడి సిపాయిలు తిరుగబడి తమ అధికారులలో కొందరిని చంపారు. తరువాత నలభై నాలుగేళ్ళకు అదే తీరపు మనుష్యులు ఓడలెక్కి బర్మాకు వెళ్ళారు. మధ్యకాలంలో మద్రాసు సైన్యం మారిషస్‌కు (1810), జావాకు (1811) వెళ్ళివచ్చింది. పరదేశ సేవకు అదనపు బత్తెం ఇవ్వటం, సిపాయి జీతంలో కొంత భాగం ఊరిలోని అతని కుటుంబానికి చెల్లించే ఏర్పాటు చేయటం వంటి పద్ధతులు స్థిరపడ్డాయి. ఇదే సమయంలో బెంగాలు సైన్యంలో పరిస్థితి వేరుగా ఉంది. బర్మా సరిహద్దుకు వెళ్ళమన్నప్పుడు బారక్‌పూర్‌లో ఒక దళం ఎదురు తిరిగింది. 1824 నవంబరు 2న వారిపై ఫిరంగులు పేల్చారు. అధికారుల ఉత్తరాలలో ఈ రెండు సంఘటనలను పోల్చి మద్రాసు సిపాయి విధేయతను మెచ్చుకొనే మాటలు కనబడతాయి. ఆ మెచ్చుకోలును మనం అలాగే స్వీకరించనవసరం లేదు. నెలకు ఏడు రూపాయల జీతగాడికి బత్తెం ఎంత అవసరమో అధికారి ఉత్తరం చెప్పదు. సిపాయి తాను వ్రాసిన ఉత్తరం మన చేతిలో లేదు.

యుద్ధ ప్రకటన 1824 మార్చి 5న జరిగింది. ఏప్రిల్‌లో మద్రాసు దళాలు బయలుదేరి, అండమాన్ దీవులలోని పోర్ట్ కార్న్‌వాలిస్ రేవులో బెంగాలు నుండి వచ్చిన ఓడలను కలుసుకున్నాయి. సర్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ నాయకత్వంలో సుమారు 11 వేల మంది మే 11న రంగూను చేరి, పెద్ద ప్రతిఘటన లేకుండానే పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. కాని వారు స్వాధీనం చేసుకున్నది ఖాళీ పట్టణాన్ని. బర్మా అధికారుల ఆజ్ఞచేత ప్రజలు ఊరు విడిచి అడవులలోకి వెళ్ళిపోయారు. బియ్యం లేదు, పశువులు లేవు, నదిపై పైకి వెళ్ళుటకు పడవలు లేవు. పది దినములలో వర్షాకాలం వచ్చింది.

తరువాతి ఆరు మాసముల చరిత్ర యుద్ధ చరిత్ర అనటం కంటే రోగముల చరిత్ర అనటం సమంజసం. జ్వరం, రక్త విరేచనాలు, చెడిపోయిన ఉప్పు మాంసం తిన్న యూరోపియన్లకు స్కర్వీ. వర్షాలు ముగిసేనాటికి ఆయుధం పట్టగలిగినవారు మూడు వేల మంది కూడా కష్టమే. డిసెంబరులో సేనాని మహా బందుల పెద్ద సైన్యంతో రంగూనును చుట్టుముట్టినప్పుడు ఈ మిగిలినవారే నిలబడ్డారు. కెమెండైన్ వద్ద జరిగిన పోరాటంలో మద్రాసు సిపాయిలు దినముల తరబడి ఒక చిన్న కోటను నిలబెట్టుకున్నారు. 1825 ఏప్రిల్ 1న దనుబ్యూ కోటలో బందుల మరణించాడు. ఆ నెలాఖరుకు ప్రోమ్ పట్టణం పట్టుబడింది. 1826 ఫిబ్రవరి 24న యందాబో గ్రామంలో సంధి కుదిరింది. దానిచేత అస్సాం, మణిపూరు, అరకాన్, తెనసెరీం అవా రాజు చేజారాయి. కోటి రూపాయల నష్టపరిహారం కూడా విధించబడింది. యుద్ధంలో పాల్గొన్న సుమారు 40 వేల మంది బ్రిటిష్, భారతీయ సైనికులలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అందులో అత్యధికులు రోగము వలన చనిపోయినవారే. బర్మా వైపు మృతుల సంఖ్యకు ఇటువంటి అంచనా కూడా సరిగా లేదు.

ఈ యుద్ధానికి తెలుగుదేశంతో మరొక సంబంధం ఉంది. దళాలను, ఆహారాన్ని, ఎద్దులను సమకూర్చి పంపిన బాధ్యత మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోది. దత్త మండలాల కలెక్టరుగా రాయలసీమలో ఇప్పటికీ పేరున్న మన్రో అప్పటికే స్వదేశం వెళ్ళగోరాడు. యుద్ధం వచ్చినందున ఆగిపోయాడు. యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1827 జూలై 6న, కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అతని ఉత్తరాలు గ్లైగ్ వ్రాసిన జీవిత చరిత్రలో (1830) అచ్చయ్యాయి. బర్మా యుద్ధం గూర్చి పై అధికారుల అంచనాలు ఎంత తప్పాయో ఆ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

సంకెళ్ళలోని మిషనరీలు, ఫిరంగుల వెంబడి వచ్చిన విడుదల

సంఘ చరిత్ర విద్యార్థులకు ఈ యుద్ధం వేరొక మార్గంలో పరిచయమే. అదోనిరాము జడ్సన్ 1824 జూన్ 8న అవా నగరంలో బంధించబడి, యుద్ధం ముగియువరకు చెరలో ఉన్నాడు. ఆయన భార్య ఆన్ చెరసాల ద్వారం వద్ద పడిన శ్రమను గూర్చి వినని బాప్టిస్టు సంఘం లేదు. సంధి సంభాషణలలో జడ్సన్‌నే దుబాసీగా వాడుకున్నారు. ఆన్ జడ్సన్ 1826 అక్టోబరు 24న ఆమ్‌హర్స్ట్‌లో మరణించింది. రంగూనులో ఉన్న మిషనరీలు హౌ, వేడ్ సంకెళ్ళలో ఉండి, మరణశిక్షకు సిద్ధముగా ఉంచబడిన సమయంలో మే 11న ఓడల ఫిరంగులు మ్రోగాయి. దళాలు వచ్చి వారిని విడిపించాయి.

ఈ కథ మన ప్రసంగాలలో విడుదల కథగా చెప్పబడుతుంది. అది నిజమే. అయితే ఆ ఓడలలో ఎవరున్నారు అనే ప్రశ్న మనం అడగలేదు. చీకాకోలు, విజయనగరం, మచిలీపట్నం ప్రాంతాల నుండి భర్తీ అయిన మనుష్యులు మద్రాసు సైన్యంలో ఉన్నారు. మిషనరీ పత్రికలలో వారు "మద్రాసు దళాలు" అనే రెండు మాటలలో కనబడి మాయమవుతారు. జడ్సన్ దంపతుల జీవిత చరిత్రలు ఎన్నో సార్లు అచ్చయ్యాయి. సిపాయి పేరు ఒక్కటి కూడా మన నోట లేదు.

మరొక సంగతి కూడా చెప్పకుండా వదలలేము. బ్రిటిష్ సేన రంగూనులోని ష్వేడగాన్ పగోడాను తన కోటగా మార్చుకొన్నది. 1825లో అక్కడి పెద్ద గంటను ఓడలో తీసుకుపోవటానికి ప్రయత్నిస్తే అది నదిలో మునిగిపోయింది. తరువాత బర్మా ప్రజలే దానిని పైకి తీసి యథాస్థానంలో ఉంచారు. ఆ పగోడా ఆవరణలోనే హెన్రీ హావ్‌లాక్ అనే యువ అధికారి తన సైనికులతో ప్రార్థన కూటములు నడిపాడు. ఆయన 1830లో శ్రీరాంపూర్‌లో బాప్తిస్మము పొందాడు, మార్ష్‌మన్ కుమార్తెను వివాహమాడాడు. భక్తి జీవిత చరిత్రలు ఈ పగోడా ప్రార్థనలను గొప్పగా వర్ణిస్తాయి. ఒక బౌద్ధ భక్తుని వైపు నుండి చూచినప్పుడు ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఆ రచయితలు ఆలోచించలేదు. ఈనాడు మ్యాన్మార్‌లోని సంఘాలు అల్పసంఖ్యాకులుగా జీవిస్తున్నాయి. కనుక ఇది గడిచిపోయిన ప్రశ్న కాదు. మన పూర్వికుడు ఆ పగోడా గోడపై కాపలా నిలబడి ఉండవచ్చు అన్న సంగతి తెలిసిన తరువాత ఆ కుటుంబ చరిత్రను గర్వంతో మాత్రమే వ్రాయటం కష్టం. తెలుగు సిపాయికి అవా రాజుతో ఏ వైరమూ లేదు.

ఏ రంగం? ఏ యుద్ధం?

పరిశోధనలో మొదటి పని కాలాన్ని నిర్ణయించటం. "రంగం పోయినాడు" అనే జ్ఞాపకం కనీసం అయిదు వేరు వేరు కాలాలకు చెందవచ్చు: 1824 యుద్ధం, 1852 యుద్ధం, 1885 యుద్ధం, పందొమ్మిదవ శతాబ్దం చివర మొదలై 1930ల వరకు సాగిన కూలీల వలస, రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా పోరు. వీటిలో కూలీల వలసయే అన్నిటికన్నా పెద్దది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుండి మేస్త్రీల వెంబడి వరికోతకు, బియ్యపు మరలకు, ఓడరేవు పనికి వెళ్ళినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. బర్మావారు తెలుగువారిని "కోరంగి" అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారపు కోరంగి రేవు పేరది. 1931 నాటికి రంగూను నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అందుచేత కుటుంబంలో రంగం మాట వినబడినంత మాత్రాన సిపాయి అని తీర్మానించుట తొందరపాటు.

తరాలు లెక్కించుట ఇందుకు సులభమైన ఉపాయం. తరానికి పాతిక, ముప్పది సంవత్సరములు లెక్క వేస్తే 1824లో ఇరువది ఏండ్ల సిపాయి నేటి ముప్పది ఏండ్ల వ్యక్తికి ఆరేడు తరాల వెనుకటివాడు. మన కుటుంబాలలో నోటి జ్ఞాపకం సాధారణంగా నాలుగు తరాలకు మించి పేర్లు నిలుపుకొనదు. కాబట్టి తాత స్వయంగా తన తాతను గూర్చి చెప్పిన సంగతి అయితే అది 1885 యుద్ధమో, కూలీల వలసయో అయ్యే అవకాశం ఎక్కువ. 1824 నాటి జ్ఞాపకం నిలిచి ఉంటే అది పేరుతో కాక వేరే రూపంలో నిలిచి ఉంటుంది. ఇనాము భూమి గూర్చిన మాటగా, ఇంటిలోని ఒక పతకంగా, ఒక పేట పేరుగా మిగులుతుంది. విశాఖపట్టణంలో దండు బజారు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఇంటిపేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. "దండు" అనేది కంపెనీ రాకకు పూర్వమే తెలుగులో ఉన్న మాట. అది ఇంటిపేరుగా ఉన్నంత మాత్రాన పూర్వికుడు కంపెనీ సిపాయి అని చెప్పలేము.

ఇక పతకం ఒక విచిత్రమైన సాక్షి. ఈ యుద్ధంలో పాల్గొన్న భారతీయ సైనికులకు కంపెనీ ఒక పతకం ఇచ్చింది. దేశీయ అధికారులకు బంగారముతో, సిపాయిలకు వెండితో. ఒక వైపు సింహం ముందు మోకరించిన ఏనుగు, రెండవ వైపు రంగూను పగోడాపై దాడి చెక్కబడి ఉంటాయి. అక్షరాలు పారశీకం, బర్మా భాషలలో ఉంటాయి. తెలుగు సిపాయి మెడలోని పతకంపై తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అంతేకాక ఈ పతకాలపై గ్రహీత పేరు చెక్కలేదు. కాబట్టి పతకం ఇంట్లో ఉన్నా అది ఎవరిదో అదే చెప్పదు. అది ఆ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పే కుటుంబ వాఙ్మూలం లేకపోతే, అంగడిలో కొన్న వస్తువుకు దానికి తేడా తెలియదు. తరువాత 1851లో వచ్చిన ఆర్మీ ఆఫ్ ఇండియా పతకంలో "అవా" అనే పట్టీ ఉన్నది. దాని అంచుపై పేరు ఉంటుంది. కాని ఇరువది అయిదు సంవత్సరాల తరువాత బ్రతికి ఉన్నవారికే అది దక్కింది.

కాగితాలు ఎక్కడున్నాయి, వాటిలో ఏమి లేదు

యూరోపియన్ సైనికుల వివరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులలో పేరు పేరునా దొరుకుతాయి. మద్రాసు ప్రాంతపు బాప్తిస్మ, వివాహ, సమాధి పట్టికలు 1698 నుండి అక్కడున్నాయి. అవి ప్రధానంగా యూరోపియన్లవి, మిశ్ర సంతతివారివి. దేశీయ క్రైస్తవుల పేర్లు అరుదుగా మాత్రమే కనబడతాయి. సాధారణ సిపాయి సేవా వివరాలు లండన్‌కు పంపే పద్ధతి లేదు. అతని చిట్టా అతని పటాలంలోనే ఉండేది, పటాలంతోపాటే పోయింది. ఇది ముందుగా తెలుసుకొనుట మంచిది. ఎందుకంటే చాలామంది విద్యార్థులు ఒక పేరు పట్టుకొని నెలల తరబడి వెదకి నిరుత్సాహపడతారు.

కాబట్టి పేరును కాక పటాలాన్ని వెదకవలెను. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1824లోనే మద్రాసు సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించి, రెండేసి బెటాలియన్లుగా ఉన్న రెజిమెంట్లను విడదీసి కొత్త సంఖ్యలిచ్చారు. అనగా యుద్ధానికి ముందటి కాగితంలో ఒక సంఖ్య, యుద్ధకాలపు కాగితంలో మరొక సంఖ్య ఉండవచ్చు. 1903లో కిచెనర్ సంస్కరణలలో మరల సంఖ్యలు మారాయి. మద్రాసు పటాలాల పాత సంఖ్యకు అరువది కలిపారు. ఉదాహరణకు 3వ పటాలం 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫెంట్రీ అయింది. ఆ తరువాత 1920లలో మిగిలినవి కూడా రద్దయ్యాయి. ఇప్పటి మద్రాసు రెజిమెంటు 1941లో మరల లేచినది. ఈ సంఖ్యల లెక్క సరిచూసుకొనకుండా వ్రాసిన కుటుంబ చరిత్రలో సిపాయి తాను చూడని యుద్ధంలో పోరాడతాడు.

పటాలాల కదలికలకు అన్నిటికన్నా ఉపయోగమైనది డబ్ల్యు. జె. విల్సన్ వ్రాసిన మద్రాసు సైన్య చరిత్ర. అయిదు సంపుటాలు, 1882 నుండి 1889 వరకు మద్రాసులో అచ్చయ్యాయి. ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. ఏ పటాలం ఎప్పుడు ఓడ ఎక్కింది, ఎక్కడ దిగింది, ఎందరు గాయపడ్డారు అనే వివరాలు అందులో ఉన్నాయి. దేశీయ అధికారుల పేర్లు, అనగా సుబేదార్లు, జమేదార్ల పేర్లు, విశేష సందర్భాలలో వస్తాయి. సిపాయి మాత్రం సంఖ్యగానే వస్తాడు. ఫలాని దినమున ఇద్దరు చనిపోయారు, పదునొకండు మంది గాయపడ్డారు అన్న తీరులో అంతే. స్నాడ్‌గ్రాస్ (1827), హావ్‌లాక్ (1828) వ్రాసిన యుద్ధ వృత్తాంతాలు అధికారుల కంటితో చూచినవి. వర్షాకాలపు శిబిరం ఎలా ఉండేదో తెలుసుకొనుటకు అవి పనికివస్తాయి.

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో మద్రాసు ప్రభుత్వపు సైనిక శాఖ కార్యకలాపాల సంపుటాలున్నాయి. పరదేశ సేవలో చనిపోయిన సిపాయిల వారసులకు ఇచ్చిన పింఛన్లు, కుటుంబ చెల్లింపులు, అర్జీలు ఈ సంపుటాల ద్వారానే నడిచాయి. సిపాయి యుద్ధంలో పేరులేని సంఖ్య అయినా, అతని విధవరాలు పింఛను అడిగినప్పుడు పేరు వ్రాయక తప్పదు. నా దృష్టిలో ఈ పరిశోధనకు అసలు తలుపు ఇదే. చనిపోయిన సిపాయిల కుమారులను బాలురుగా ఉండగానే అర జీతంపై పటాలంలో చేర్చుకొనే ఏర్పాటు కూడా మద్రాసు సైన్యంలో ఉండేది. తండ్రి నుండి కొడుకుకు, కొడుకు నుండి మనుమనికి పటాలం కుటుంబ వృత్తిగా మారింది ఈ విధంగానే. అందుచేత 1824లో వెళ్ళినవాని జాడ దొరకకపోతే 1852లో వెళ్ళిన కొడుకు జాడ వెదకి వెనుకకు నడవవచ్చు.

ఎగ్మూరుకు వెళ్ళేవారు పేర్ల వ్రాత విషయంలో ఓపిక పట్టవలెను. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన వెంకటస్వామి నాలుగు రకాలుగా కనబడతాడు. ఇంటిపేరు దాదాపు ఉండదు. ఊరి పేరు ఉంటే అదృష్టమే. ఒకే పటాలంలో రామస్వాములు పదిమంది ఉండవచ్చు. ఊరు, తండ్రి పేరు, చేరిన సంవత్సరం అనే మూటిలో రెండైనా కలవకుండా "ఇతడే మా పూర్వికుడు" అని వ్రాయకూడదు. ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెదకి కనుగొనలేనివారి ప్రస్తావన ఉన్నది. అక్కడి అధికారులు ఊహించి పేరు చేర్చలేదు.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకొక ప్రశ్న ఉంటుంది. 1824లో తెలుగు క్రైస్తవ సిపాయి ఉండే అవకాశం ఎంత? లండన్ మిషను 1805 నుండి విశాఖపట్టణంలో పనిచేస్తున్నది, తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయింది. అయినను ప్రొటెస్టెంటు తెలుగువారు ఆ రోజులలో వేళ్ళపై లెక్కించదగినవారు. రోమను కథోలికులు మాత్రం కొన్ని ప్రాంతాలలో అంతకు పూర్వమే ఉన్నారు. కాబట్టి నేటి ప్రొటెస్టెంటు కుటుంబపు 1824 నాటి సిపాయి పూర్వికుడు బహుశః క్రైస్తవుడు కాడు. అతని సంతతి తరువాత సంఘంలో చేరింది. తరువాతి కాలపు సైనిక కుల పట్టికలలో తెలుగువారికి ఒక గడి, క్రైస్తవులకు వేరొక గడి ఉండేవి. తెలుగు క్రైస్తవుడు ఏ గడిలో పడ్డాడో చూచుకొనకపోతే అతడు లెక్కలో కనబడడు. అలాగే పంచమ కులాలవారిని కాలాట సైన్యంలో నుండి దూరం చేసినా, సాపర్లు, పయనీర్ల దళాలలోను, శిబిర సేవకులలోను వారికి చోటు మిగిలింది. మాల, మాదిగ కుటుంబాలలో పటాలం జ్ఞాపకం ఉంటే ముందుగా ఆ దళాలనే వెదకవలెను. డోలీ మోసినవారు, గుడారాలు వేసినవారు, ఎద్దులు తోలినవారు సిపాయిల సంఖ్యలో కూడా చేరరు.

యుద్ధం తరువాత తెనసెరీంలో కాపలాకు మద్రాసు దళాలే ఉండినవి. మౌల్మేన్ వారి ముఖ్య శిబిరం. జడ్సన్ తన బైబిలు తర్జుమాను ముగించినది ఆ పట్టణంలోనే, 1834లో. కుటుంబాలు, వర్తకులు, సేవకులు పటాలం వెంట వచ్చి అక్కడ నిలిచిపోయారు. అమెరికన్ బాప్టిస్టు మిషను పత్రికలు, ఉత్తరాలు ఇక్కడ ఉపయోగపడతాయి. వాటి మూల ప్రతులు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. లండన్ మిషను కాగితాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలోను, చర్చి మిషనరీ సొసైటీ కాగితాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోను ఉన్నాయి. మనకు దగ్గరలో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజి అభిలేఖాగారం, శ్రీరాంపూరులోని కేరీ గ్రంథాలయం ఉన్నాయి. విద్యార్థులు విదేశీ అభిలేఖాగారాలను తలచుకొని నిట్టూర్చే ముందు ఈ రెండూ చూడటం మేలు.

తెలుగు సంఘ చరిత్రలు సాధారణంగా శామ్యూల్ డే 1836లో విశాఖ తీరం చేరటంతోనో, 1840లో నెల్లూరు స్థాపనతోనో తమ బాప్టిస్టు అధ్యాయాన్ని ఆరంభిస్తాయి. బర్మా మిషను మాత్రం దానికి పూర్వమే తెలుగువారిని ఎరుగును. రంగూను, మౌల్మేన్ వీధులలో పటాలాల చుట్టూ వారుండినారు. ఈ దిశలో మిషను పత్రికలను 1827 నుండి 1840 వరకు వరుసగా చదివి, తెలుగువారి ప్రస్తావనలన్నిటిని సేకరించుట ఒక మంచి ఎం.టిహెచ్. పరిశోధనాంశం కాగలదు.

రెండవ ప్రపంచ యుద్ధంలోని పూర్వికుని కొరకు వెదకేవారి పని ఇంతకంటే సులభం. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలు రెండు ప్రపంచ యుద్ధాల మృతులను పేరుతో వెదకనిస్తాయి. రంగూను సమీపంలోని టౌక్యాన్ స్మారకంపై సుమారు 27 వేల పేర్లున్నాయి. ఆ కమిషన్ లెక్క 1914 ఆగస్టు 4తో మొదలవుతుంది. అంతకు ముందు చనిపోయిన సిపాయికి అందులో చోటు లేదు. మొదటి ప్రపంచ యుద్ధపు భారతీయ మృతులను అనేక చోట్ల యూరోపియన్లతో సమానంగా పేరుతో స్మరించలేదని ఆ కమిషనే 2021లో ఒప్పుకొన్నది. నూరేళ్ళ క్రిందటి సంగతి అట్లుండగా, రెండు వందల ఏండ్ల క్రిందటి రంగూను వర్షాలలో చనిపోయినవానికి రాయి ఎవరు నాటుతారు?

సంఘంలో ఈ పని మొదలుపెట్టదలచిన కాపరికి అభిలేఖాగారం మొదటి మెట్టు కాదు. 1942లో బర్మా నుండి కాలినడకన తిరిగి వచ్చిన కుటుంబాలు ఉత్తరాంధ్రలోను, గోదావరి జిల్లాలలోను ఉన్నాయి. ఆ నడకలో కాగితాలు పోయాయి, కొన్ని పెట్టెలు మాత్రం మిగిలాయి. నాడు బాలురుగా నడచినవారు ఇప్పుడు తొంబదికి చేరువలోనో, దాటియో ఉన్నారు. ముందుగా వారి దగ్గరకు వెళ్ళవలెను. పేరు, ఊరు, తండ్రి పేరు, ఎవరు చెప్పగా విన్నారు, ఏ దినమున చెప్పారు అనే అయిదు వివరాలు వ్రాసుకొని, వారి సంతకం తీసుకొని సంఘ రిజిస్టరు వెనుక పుటలలో భద్రపరచవలెను. పెట్టెలో పతకం ఉంటే దాని రెండు వైపులా ఛాయాచిత్రం తీయవలెను. శుభ్రపరచాలని చింతపండుతో తోమరాదు.